"డాక్టరే ఎందుకమ్మా, నర్సు ఎందుకు కాకూడదు?" అంటే పిల్ల ఏం చెప్పాలి?

జిరాక్స్_నాన్న
అందరికీ నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. మా అమ్మాయికి ఈ ఏడాది కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. కాలేజీ ఫీజు ఎలాగో కట్టేస్తాం. హాస్టలు, మెస్సు, పుస్తకాలు కలిసేసరికి నా వల్ల కావట్లేదు. అందుకని ఒక ట్రస్టు స్కాలర్‌షిప్‌కి అప్లికేషన్ పెట్టాం. మొదటి ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన "సేవే చేయాలనుకుంటే నర్సు చేస్తుంది, ఫిజియో చేస్తాడు, ఫార్మసీ వాళ్లూ చేస్తారు. నువ్వు డాక్టరే ఎందుకవ్వాలి?" అని అడిగారట. మా అమ్మాయి "చిన్నప్పటి నుంచి నా కల సార్" అంది. ఆయన నవ్వి "కల సరే, కారణం చెప్పు" అన్నారట. ఇక దానికి నోరు పెగల్లేదు. శనివారం మళ్లీ రమ్మన్నారు.

నాకు రెండు సందేహాలు. ఒకటి, దీనికి ఏం చెప్పాలి? రెండు, తెలుగులో చెబితే తక్కువగా చూస్తారా, ఇంగ్లీషులోనే చెప్పాలా? పిల్లకి ఆసుపత్రి అనుభవం ఏమీ లేదు. సెలవుల్లో షాపులో కూర్చుంటుంది. జనం ఫైళ్లు జిరాక్స్‌కి ఇచ్చి "ఇందులో ఏం రాశారమ్మా" అంటే చదివి చెబుతుంది, అంతే.

లాంగ్‌టర్మ్_బాధితుడు
అదృష్టవంతురాలు సార్ మీ అమ్మాయి. "ఎందుకు" అని అడిగే మనిషి దొరికాడు. నేను మూడుసార్లు నీట్ రాశాను. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, తప్పు పెడితే ఒక మార్కు కోత. అందులో "ఎందుకు డాక్టర్ అవుతావు" అన్న ప్రశ్న ఒక్కటి లేదు. 2025లో ఫిజిక్స్ పేపరు చూసి నా పక్క బెంచీ అమ్మాయి హాల్లోనే ఏడ్చింది. నిడమానూరు హాస్టల్లో పొద్దున 5 గంటలకి బెల్లు, రాత్రి 10:30 దాకా స్టడీ. ఫోన్ ఆదివారం అరగంట. అమ్మ "తిన్నావా" అంటే "ఆ" అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరాను. హాయిగా ఉంది.

స్టెత్_గుంటూరు
నేను ఎండీ జనరల్ మెడిసిన్. 22 ఏళ్ల ప్రాక్టీసు. ఇలాంటి ప్యానెళ్లలో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా, రాసుకోండి. దీనికి సమాధానం ఒకటే, నాయకత్వం. రోగం ఏమిటో తేల్చేది డాక్టర్, వైద్యం నిర్ణయించేది డాక్టర్. మిగతావాళ్లు ఆ ఆర్డర్లు అమలు చేస్తారు. మీ అమ్మాయిని "నేను అమలు చేసే మనిషిని కాదు, నిర్ణయం తీసుకునే మనిషిని కావాలనుకుంటున్నాను" అనమనండి. ఇంగ్లీషులో చెబితే ఇంకా బాగుంటుంది. ప్యానెల్ ఫ్లాట్.

రాత్రి_డ్యూటీ
అమలు చేసేవాళ్లమా? సార్, నేను 16 ఏళ్ల నుంచి స్టాఫ్ నర్సుని. ఆసుపత్రి పేరు చెప్పను, ఒక రాత్రి చెబుతాను. ఒంటిగంటన్నరకి కేస్ షీట్‌లో ఇన్సులిన్ ఆర్డరు చూశాను. 10 పక్కన యూనిట్లకి యూ అని ఒక్క అక్షరం గిలికారు, అది సున్నాలా ఉంది. చూడబోతే 100. కొత్తగా చేరిన పిల్ల అప్పటికే సిరంజిలోకి తీస్తోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. డ్యూటీ డాక్టర్‌ని లేపితే "ఈమాత్రం తెలీదా, పది అని" అని విసుక్కుని మళ్లీ పడుకున్నారు. షీట్‌లో దిద్దమంటే పొద్దున చూద్దాం అన్నారు. పొద్దునదాకా ఆ షీట్ నా దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి మీరు చెప్పినట్టు "అమలు" చేసి ఉంటే పేషెంట్ ఏమయ్యేవాడు? జిరాక్స్ షాపు అన్నయ్య గారూ, మీ అమ్మాయి ఈ సార్ చెప్పినట్టు చెబితే మాత్రం ఆ పెద్దాయన బయటికి పంపుతారు. పంపాలి కూడా.

స్టెత్_గుంటూరు
ఎవరో ఒకరి చేతిరాత పట్టుకుని వృత్తినంతా తిడితే ఎలా సిస్టర్? నేను బాధ్యత గురించి మాట్లాడాను. ఆ 100 ఎక్కి ఉంటే కోర్టు మెట్లెక్కేది ఎవరు? 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అప్పటి నుంచి నోటీసు ముందు ఎవరి ఇంటికి వస్తోంది?

రాత్రి_డ్యూటీ
నోటీసు మీకొస్తుంది, మెమో మాకొస్తుంది. ఇంతకీ మీరు డాక్టర్ ఎందుకయ్యారో చెప్పనే లేదు సార్.

మాత్రల_పెట్టె
నేను ఫార్మ్-డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ. 2008లో మన దేశంలో మొదలైన కోర్సు. ఐదేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం 6 ఏళ్లు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర. లెక్క మీరే వేసుకోండి. మా డిగ్రీ పేరులోనే డాక్టర్ ఉంది. అయినా పెళ్లి సంబంధాల్లో "మెడికల్ షాపు పెడతాడా?" అంటారు. వార్డు రౌండ్స్‌లో వెనక నిలబడి, ఈ మందుకీ ఆ మందుకీ పడదు సార్ అంటే "నువ్వెవరు?" అన్న చూపు. కాబట్టి అమ్మాయిని నిజం చెప్పమనండి, "డాక్టర్ అంటేనే జనం వింటారు, అందుకే" అని. అంతకంటే నిజాయితీ ఉన్న కారణం ఇంకోటి లేదు.

కీళ్లు_కండరాలు
మాత్రల_పెట్టె గారూ, మీ బాధ నాకు తెలుసు. అరండల్‌పేటలో నా ఫిజియో క్లినిక్ బోర్డు మీద డా. అని ఉందని ఒక ఎముకల డాక్టర్ గారు మనిషిని పంపించి తీయమన్నారు.

స్టెత్_గుంటూరు
తీయాల్సిందే. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. ఫిజియోథెరపిస్టులు డాక్టర్ అని వాడితే 1916 నాటి డిగ్రీల చట్టం ప్రకారం తప్పు అని రాశారు. చదువుకోండి.

కీళ్లు_కండరాలు
చదివాను సార్. మరుసటి రోజు, సెప్టెంబరు 10న అదే ఆఫీసు ఆ లెటర్‌ని వెనక్కి తీసుకుంది. అది చదివారా? ఆ ఏడాదే వచ్చిన ఫిజియోథెరపీ కొత్త కరిక్యులంలో పేరుకి ముందు డా., చివర పీటీ (ఫిజియోథెరపిస్ట్) అని పెట్టుకోవచ్చని రాశారు. నా బోర్డు మీద రెండూ ఉన్నాయి. పీటీ అక్షరాలు డా. కంటే పెద్దగా రాయించాను, పెయింటర్‌ని అడగండి.

స్టెత్_గుంటూరు
వెనక్కి తీసుకున్నది ఇంకా పరిశీలించాలని. అంటే మీరు గెలిచినట్టు కాదు. పీటీ అంటే ఏమిటో పల్లెటూరి పేషెంట్‌కి ఏం తెలుస్తుంది? స్కూల్లో డ్రిల్లు మాస్టారు అనుకుంటాడు.

కీళ్లు_కండరాలు
మీ పేరు పక్కన ఎండీ అంటే మాత్రం పల్లెటూరి పేషెంట్‌కి తెలుస్తుందా? కంపెనీ ఎండీ అనుకుంటాడు.

బందరు_రోడ్డు
అసలు డాక్టర్ అన్న మాట లాటిన్‌లో నేర్పించేవాడు అనే అర్థం నుంచి వచ్చింది. ఆ లెక్కన మా ఎకనామిక్స్ లెక్చరర్ పీహెచ్‌డీ గారే అసలు డాక్టర్. ఆయన్ని రైల్లో ఎవరో "డాక్టర్ గారూ గుండెల్లో మంట" అని లేపితే మజ్జిగ తాగమన్నారు. తగ్గిందట.

పిల్ల_జార్జియాలో
మా పాప జార్జియాలో మూడో సంవత్సరం. తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే రాసే ఎఫ్‌ఎంజీఈకి 300 ప్రశ్నల్లో 150 రావాలట. ఇప్పటి నుంచే కోచింగ్ పెట్టించాలా? బెజవాడలో ఎవరైనా పాసైన పిల్లలు ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

మాత్రల_పెట్టె
ఇక్కడ డాక్టర్ అంటే స్టెత్ ఒక్కటే అనుకునేవాళ్లకి ఒక పేరు చెబుతా. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ప్రాక్టీసు బోర్డు కట్టిన మనిషి కాదు. అమెరికాలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేశారు. మెథోట్రెక్సేట్ వెనక ఉన్నది ఆయన. ఈ రోజుకీ క్యాన్సర్ వార్డుల్లో, కీళ్లవాతం ఓపీల్లో రాసే మందు. ఆయన మావాడు!

స్టెత్_గుంటూరు
మీవాడెలా అయ్యాడు? ఆయన చదివింది మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఎల్‌ఎమ్‌ఎస్.

మాత్రల_పెట్టె
అవును, ఎంబీబీఎస్ ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్‌ఎమ్‌ఎస్‌తో సరిపెట్టారు. అప్పుడు కూడా మీవాళ్లు ఆయన్ని మీవాడనుకోలేదు.

లాంగ్‌టర్మ్_బాధితుడు
ఈ దెబ్బకి డాక్టర్ గారు ఐసీయూ 😄

లెస్టర్‌లో_తెనాలి
తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఇంగ్లండులో నర్సుగా 6 ఏళ్లు. (ఇక్కడ ఎన్‌ఎమ్‌సీ అంటే నర్సుల కౌన్సిలు, మన దగ్గర ఎన్‌ఎమ్‌సీ అంటే డాక్టర్ల కమిషన్. మా అత్తగారు నేను డాక్టర్ పరీక్ష పాసయ్యానని బంధువులకి చెప్పేసింది, నేను దిద్దలేదు.)

విషయానికొస్తే, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఇక్కడ మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూల్లో మామూలే. పిల్లల్ని ఒక్కో టేబుల్ దగ్గర కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న వేస్తారు. మా వార్డు సిస్టర్ కొడుకు ఇంట్లో అద్దం ముందు దీన్నే ప్రాక్టీస్ చేశాడు. "డాక్టరయితే మందులు రాయొచ్చు" అన్నాడు. వాళ్లమ్మ చెవి మెలేసింది. ఎందుకంటే ఆవిడే రాస్తుంది. ఇక్కడ ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ సొంతంగా రాయొచ్చు. ఫార్మసిస్టులకీ ఆ హక్కు ఉంది. 2013 నుంచి ఫిజియోలకి కూడా.

అందుకని "నేను రాస్తాను, వాళ్లు రాయరు", "నేను లీడరు, వాళ్లు టీము" లాంటివి ఇక్కడ పనికిరావు. పేషెంట్ పక్కన ఎక్కువసేపు ఉండటం ఇష్టమంటే, మరి నర్సింగే చెయ్ అంటారు. వాళ్ల పని ఏమిటో చూసి, గౌరవంగా చెప్పి, "నాకు మాత్రం ఫలానా పని కావాలి" అని ఒక సంఘటనతో చెప్పాలి. ఆ సంఘటన పిల్లదే అయ్యుండాలి. కొనుక్కొచ్చింది మొహంలో తెలిసిపోతుంది.

కీళ్లు_కండరాలు
2013 నుంచి ఫిజియోలకి! స్టెత్ గారూ, చూశారా?

స్టెత్_గుంటూరు
ఇది ఇంగ్లండు కాదు, గుంటూరు. ఇక్కడ ఆర్‌ఎంపీ కూడా రాస్తున్నాడు. ఇంకొకళ్లకి పెన్ను ఇవ్వాలా?

అడ్మిన్
డా. గొడవకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఒక తండ్రి శనివారం లోపు సాయం అడిగారు. ఇప్పటికి 61 పోస్టులయ్యాయి, అందులో ఆయనకి పనికొచ్చేవి రెండో మూడో.

రాత్రి_డ్యూటీ
అన్నయ్య గారూ, మొదట్లో ఒక మాటన్నారు, షాపులో ఫైళ్లు చదివి చెబుతుందని. ఏం ఫైళ్లు? చదివి ఏం చెప్పేది?

జిరాక్స్_నాన్న
అది పెద్ద విషయం కాదమ్మా. మా చుట్టూ అన్నీ ఆసుపత్రులే కదా. ఇన్సూరెన్సుకనీ సీఎం రిలీఫ్ ఫండుకనీ డిశ్చార్జి సమ్మరీలు, రిపోర్టులు జిరాక్స్‌కి తెస్తారు. అంతా ఇంగ్లీషు. లోపల అడగడానికి భయపడి నా కౌంటర్ దగ్గర అడుగుతారు. నాకేం తెలుసు? పిల్ల ఉంటే చదువుతుంది.

ఒకటి గుర్తుంది. కంచికచర్ల వైపు నుంచి ముసలాయన, ఆయన భార్య వచ్చారు. ఎరువుల సంచిలో మూడు ఫైళ్లు. ఒకటి మోకాళ్ల నొప్పులకి, ఒకటి షుగరుకి, మూడోది కాళ్ల వాపుకి. మూడూ వేరు వేరు చోట్ల చూపించినవి. అన్నీ ఒక సెట్టు చేయమన్నారు. పేజీలు తారుమారు కాకుండా తేదీల ప్రకారం సర్దుతూ మా అమ్మాయి ఆగిపోయింది. అప్పుడది ఇంటర్ రెండో ఏడాది. ఒక కాగితంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగే అంకె) 1.3, రెండు నెలలకి ఇంకో కాగితంలో 1.9, మొన్నటి దాంట్లో 2.8. మూడు కాగితాలూ గ్లాసు మీద పక్కపక్కన పెట్టింది. "తాతా, మోకాళ్లకి ఇంకా బిళ్లలు వేసుకుంటున్నావా?" అంది. ఆయన జేబులోంచి డైక్లోఫెనాక్ షీటు తీసి చూపించాడు, రోజుకి రెండు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇస్తున్నాడట. "ఇప్పుడు ఏం చేయమంటావమ్మా?" అన్నాడు. ఇది గుడ్లప్పగించి నా వంక చూసింది. చివరికి "ఈ మూడు కాగితాలూ కలిపి కిడ్నీ డాక్టర్ గారికి చూపించండి" అని ఒక చీటీ మీద మూడు అంకెలూ రాసి, వాటి పక్కన తేదీలు వేసిచ్చింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "నాన్నా, మూడు చోట్లా అంకె ఉంది, మూడూ కలిపి చూసినవాళ్లు లేరు" అంటూ కూర్చుంది.

జిరాక్స్‌కి డబ్బులు కూడా తీసుకోలేదు, అదొకటి.

మాత్రల_పెట్టె
సార్! ఇది అచ్చంగా మా పని. నొప్పుల బిళ్లలు, షుగరు, కిడ్నీ. ఒక క్లినికల్ ఫార్మసిస్టు మందుల చీటీలన్నీ ముందేసుకుంటే మొదటి రోజే పట్టుకునేవాడు. ఈ కథ చెబితే ప్యానెల్ "ఫార్మ్-డీ చెయ్యమ్మా" అంటుంది.

రాత్రి_డ్యూటీ
రిపోర్టు ల్యాబ్ నుంచి మొదట వచ్చేది నర్సు చేతికి. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేది మేము.

కీళ్లు_కండరాలు
ఆ మోకాళ్లకి ముందే ఎక్సర్‌సైజులు చేయించి ఉంటే అన్ని బిళ్లలు పడేవే కావు. చెప్పేవాళ్లు ఏరి?

స్టెత్_గుంటూరు
అందరూ నిజమే చెప్పారు. ఒప్పుకుంటున్నాను. ఫార్మసిస్టు పట్టుకుంటాడు, సిస్టర్ సున్నా చుడుతుంది, ఫిజియో మోకాలు చూస్తాడు. కానీ ఆ ముసలాయనకి నొప్పి తగ్గలేదు. బిళ్ల ఆపితే నడవలేడు, ఆపకపోతే కిడ్నీ పోతుంది. షుగరు మందు కూడా మార్చాలి. ఆ 2.8 బిళ్లల వల్లా, షుగరు వల్లా, ప్రోస్టేట్ అడ్డం వల్లా అన్నది తేల్చాలి. రేపు తప్పయితే తప్పు నాదే అని కాగితం మీద సంతకం పెట్టాలి. నేను నాయకత్వం అన్నది దీన్నే. మాట తప్పుగా వాడాను.

ఇక సిస్టర్ గారు అడిగిన దానికి. నేను ఎందుకయ్యానంటే, ఎంసెట్ ఫారం మా నాన్న నింపారు. సంతకం ఒక్కటే నాది. ప్యానెళ్లలో కూర్చుని పిల్లల్ని అడుగుతాను కానీ నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పిల్ల_జార్జియాలో
ఎఫ్‌ఎంజీఈ గురించి ఎవరూ చెప్పలేదు…

బందరు_రోడ్డు
మేడమ్, ముందు మూడో సంవత్సరం పాసవనివ్వండి.

జిరాక్స్_నాన్న
ఇంటర్వ్యూ అయింది. నేను బయట కూర్చున్నాను, పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో వాక్యంలోనే ఆగిపోయిందట. ఆ పెద్దాయన "తెలుగులో చెప్పమ్మా, మేమూ ఇక్కడివాళ్లమే" అన్నారట. మూడు ఫైళ్ల సంగతి చెప్పింది. ఆయన సరిగ్గా మాత్రల_పెట్టె గారి ప్రశ్నే వేశారు, "ఫార్మసీ చదివినా పట్టుకోవచ్చుగా?" అని. మీ పోస్టులన్నీ చదివి వెళ్లింది కాబట్టి తడబడలేదు. "పట్టుకోవచ్చు సార్. నర్సు కూడా పట్టుకుంటుంది. ఇంటర్ చదువుతూ నేనూ పట్టుకున్నాను. కానీ తాత 'ఇప్పుడు ఏం చేయమంటావమ్మా' అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చెప్పే పని నాకు కావాలి" అందట. పక్కనున్న మేడమ్ "తప్పు జవాబు చెబితే?" అన్నారు. ఇది "భయంగానే ఉంది మేడమ్" అంది. వాళ్లు ఏదో రాసుకున్నారు. పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు.

ఆ కంచికచర్ల తాత ఏమయ్యాడని కూడా అడిగారట. మాకు తెలియదు. ఫోన్ నంబరు తీసుకోలేదు. దానికి మాత్రం వచ్చినప్పటి నుంచి బాధపడుతోంది.

రాత్రి_డ్యూటీ
ఫోన్ వస్తే ఇక్కడ రాయండి అన్నయ్య గారూ. అమ్మాయికి ఒకటి చెప్పండి, యూనిట్లు అని పూర్తిగా రాయమని.

స్టెత్_గుంటూరు
జిరాక్స్ గారూ, ఫస్టియర్‌కి ఎముకల సెట్టు కొనకండి. నా పాతది గుంటూరులో మా ఇంటి అటక మీద ఉంది, గోధుమరంగు ట్రంకు పెట్టెలో. ఎడమచేతి మణికట్టువి రెండు తగ్గాయి, మిగతావన్నీ ఉన్నాయి. మా అమ్మ పాతికేళ్లుగా ఇంట్లో ఎముకలేంట్రా అని పోరుతోంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి. బస్సులో పెట్టె తెరవకండి.